కడియం వెనక అచ్చు ఎవరిది?

ఫీనిక్స్ చుట్టుపక్కల ఉండే మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో, ఎవరైనా గ్రాండ్ కాన్యన్ ట్రిప్ వేసి వచ్చారంటే మర్నాడు ఒక రకం ఫొటో తప్పకుండా పడుతుంది. నీలం రాయి పొదిగిన వెండి కడియం ఒకటి, దాన్ని తిరగేసి వెనక ఉన్న రెండక్షరాలు జూమ్ చేసింది ఇంకొకటి, కింద "ఇది అసలుదేనా? స్టాంప్ ఉంది కదా" అని ప్రశ్న. నాకు ఈ నవాహో (అమెరికాలో ఒక ఆదివాసీ తెగ) వెండి పని పిచ్చి ఉందని అందరికీ తెలుసు కాబట్టి సూటిగా నన్నే ట్యాగ్ చేస్తారు. రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు, అందుకని "బాగుందండీ, వేసుకోండి" అని తప్పించుకుంటూ వచ్చాను. తప్పించుకోవడం ఎంతకాలం, ఒకసారి కూర్చుని రాసేస్తే పోతుంది.

ముందు ఒక చిక్కు విప్పుకుందాం. మన దగ్గర హాల్‌మార్క్ అంటే లోహం స్వచ్ఛతకి గ్యారంటీ. బీఐఎస్ గుర్తు, 22 క్యారట్లయితే 916, 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరక్షరాల హెచ్‌యూఐడీ కూడా లేకుండా షాపువాడు బంగారు నగ అమ్మకూడదు. నవాహో నగ వెనక ఉండే గుర్తుకీ దీనికీ సంబంధం లేదు. ఏ ల్యాబూ దాన్ని పరీక్షించి కొట్టలేదు. చేసిన మనిషి తన పేరో, పొడి అక్షరాలో, ఒక చిన్న బొమ్మో ఉక్కు ముక్క మీద అచ్చుగా చెక్కుకుని (లేదా చెక్కించుకుని) తన సుత్తితో తనే కొట్టుకున్నాడు. పక్కన స్టెర్లింగ్ అనో 925 అనో (రెండిటికీ 92.5 శాతం వెండి అని అర్థం) ఉంటే, మామూలుగా అదీ ఆ చేత్తోనే కొట్టింది. అంటే అది సంతకం. సంతకం ఉన్న కాగితాలన్నీ అసలువి అయిపోవు కదా.

నవాహోలు (పలికేటప్పుడు 'జ' రాదు) తమని తాము డినే అనుకుంటారు. అరిజోనా, న్యూ మెక్సికో, యూటా మూడు రాష్ట్రాల మీద పరుచుకున్న నేల వాళ్లది, సుమారు 70 వేల చదరపు కిలోమీటర్లు, విండో రాక్ రాజధాని. టర్కాయిస్ (మన ఫొటోల్లో ఆ నీలం రాయి) వాళ్ల జీవితంలోకి వెండి కంటే ఎంతో ముందొచ్చింది. నాలుగు దిక్కులా నాలుగు పవిత్ర పర్వతాలు, ఒక్కోదానికి ఒక్కో రాయో ఆల్చిప్పో ఉంటాయి, దక్షిణాన ఉన్న మౌంట్ టేలర్‌ది టర్కాయిస్. వెండి మాత్రం 19వ శతాబ్దంలో వచ్చింది. అట్సిడి సాని అనే ఆయన ఒక మెక్సికన్ కమ్మరి దగ్గర ఇనుప పని నేర్చుకుని కళ్ళేలు చేసి అమ్ముకునేవాడనీ, తర్వాత వెండి పట్టాడనీ, మొదటి నవాహో వెండి కంసాలి ఆయనేననీ చెప్తారు. 1863-64ల్లో అమెరికా సైన్యం వాళ్ల పంటలు తగలబెట్టి, గొర్రెల్ని చంపి, వేలమందిని వందల మైళ్లు నడిపించుకుంటూ బోస్కే రెడోండో అనే చోటికి తోలుకుపోయింది. దారిలో పోయినవాళ్లు, అక్కడికి వెళ్లాక ఆకలికీ జబ్బులకీ పోయినవాళ్లు ఎందరో. 1868 జూన్ 1న ఒప్పందం కుదిరి సొంత నేలకి తిరిగొచ్చాకే వెండి పని నిజంగా ఊపందుకుంది. అట్సిడి సాని కొడుకులకి నేర్పాడు, ఆయన తమ్ముడు (అమెరికన్లు స్లెండర్ మేకర్ ఆఫ్ సిల్వర్ అని పిలిచిన మనిషి) ఆ తరంలో అందరికంటే గొప్ప పనివాడని పేరు తెచ్చుకున్నాడు. మొదటి అడుగు నుంచీ ఇది ఇంట్లో విద్యే.

వెండి ఎక్కడ దొరికేది వాళ్లకి? నాణేల్లో. మొదట అమెరికన్ డాలర్లు కరిగించేవాళ్లు, 1890 ప్రాంతంలో నాణేలు పాడుచెయ్యడం మీద ప్రభుత్వం కట్టడి పెట్టాక మెక్సికన్ పెసోలు. అమెరికన్ నాణెంలో వెండి 90 శాతం, 92.5 కాదు. ఇది ఎందుకు చెప్తున్నానంటే, ఎవరైనా మీకు "ఇది 1880ల నాటి నగ సార్" అని చూపించి వెనక స్టెర్లింగ్ ముద్ర కనిపిస్తే అక్కడి నుంచి నవ్వుతూ లేచి రావచ్చు. ఆ కాలంలో ఆ ముద్రా లేదు, పేరూ లేదు. పేరు కొట్టాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. నగ చేయించుకున్నవాడికి చేసినవాడు తెలుసు, ట్రేడింగ్ పోస్టులో (ఆదివాసీలతో సరుకు ఇచ్చిపుచ్చుకునే అంగడి) తాకట్టు పెట్టుకునే వ్యాపారికి ఇద్దరూ తెలుసు. అన్నట్టు, ఈ తాకట్టు సంగతి మనకి ఇట్టే అర్థమవుతుంది: ఉన్ని అమ్మే సీజన్ దాకా పిండికీ కాఫీకీ చీటీ కట్టి నగ పెట్టడం, డబ్బు చేతికొచ్చాక విడిపించుకోవడం, మధ్యలో ఇంట్లో పూజో పండగో వస్తే వ్యాపారి నమ్మకం మీద ఆ నాలుగు రోజులకి నగ ఇచ్చి మళ్లీ తీసుకోవడం. గనాడో అనే ఊళ్లో హబ్బెల్ అనే వ్యాపారి 1878లో కొన్న ట్రేడింగ్ పోస్టు ఇప్పటికీ నడుస్తోంది, నేషనల్ పార్క్ వాళ్లు చూసుకుంటారు. వెళ్తే నేల చప్పుడు చేసే ఆ పాత గదిలో కాసేపు నిలబడండి.

టూరిస్టులు వచ్చాక కథ మారింది. 1899 నుంచి ఫ్రెడ్ హార్వీ కంపెనీ రైల్వే స్టేషన్ల దగ్గర అమ్మడానికి తేలికపాటి నగలు ఆర్డర్ ఇవ్వడం మొదలుపెట్టింది. వెండీ, కోసి నున్న చేసిన రాళ్లూ ట్రేడర్ల ద్వారా కంసాలికి వచ్చేవి, కూలికి చేసిచ్చేవాడు. నవాహోలు తమ కోసం చేసుకునే కడియం బరువుగా ఉంటుంది, తూర్పు ఊళ్ల నుంచి వచ్చిన అమ్మగార్లకి అంత బరువు అక్కర్లేదు. బాణాలు, పిడుగు పక్షులు, ఇలా 'ఇండియన్'గా (మనం కాదు, అమెరికా ఆదివాసీలు) కనిపించే బొమ్మలన్నీ ఆ గిరాకీ పుణ్యమే. తర్వాత డెన్వర్, అల్బుకర్కీల్లో మెషీన్లు పెట్టి రేకుల మీద టకటకా అచ్చులు కొట్టేసే వ్యాపారాలొచ్చాయి. చేత్తో చేసుకునేవాడి నోట్లో మట్టి పడింది.

అప్పుడు మొదలైంది ఈ ముద్రల గొడవ. 1935లో ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ బోర్డు పెట్టారు, 1938 నుంచి చేతిపని నగల మీద 'యూ.ఎస్. నవాహో' అనీ, జూనీ అనే ఇంకో తెగ వాళ్లకి 'యూ.ఎస్. జూనీ' అనీ ప్రభుత్వ ముద్ర కొట్టించారు. షరతులు మామూలువి కావు. బజార్లో తయారుగా దొరికే వెండి రేకు వాడకూడదు, ముద్దని కొట్టి సాగదీసుకోవాలి, అచ్చులు చేత్తో చేసినవి కావాలి, రాయి అసలుది కావాలి. ఆ ముద్ర పక్కన ఒక నంబరు ఉంటుంది. ఆ నంబరు కంసాలిది అనుకుంటారు అందరూ. కాదు, నగ తెచ్చిన ట్రేడర్‌దో స్కూలుదో! 1931లో పుట్టిన ట్రేడర్ల సంఘం (యూఐటీఏ) ముద్ర మీద నంబరూ అంతే. నవాహో పని నిజమైనదని లోకానికి చెప్పడానికి మొదట పుట్టిన గుర్తుల్లో చేసిన మనిషి ఊసే లేదు, నాకు ఇది చదివినప్పుడల్లా ఒళ్లు మండుతుంది. ఆ పథకమూ ఎంతోకాలం నిలవలేదు. ముద్దని కొట్టి చేస్తే పని రెట్టింపు, దానికి తగ్గ డబ్బిచ్చే ట్రేడర్ లేడు, ఇంతలో యుద్ధం వచ్చిపడింది. 1941లో నవాహోల సొంత గిల్డ్ మొదలైంది, ఆంబ్రోస్ రోన్‌హార్స్ అనే కంసాలి దాన్ని నడిపించాడు. కొమ్ముల చంద్రవంక వాళ్ల గుర్తు. అది కూడా సంఘం గుర్తే గానీ, కనీసం సంఘం వాళ్లది.

విడి మనుషుల పేర్లు అక్కడక్కడా 1930ల నుంచీ కనిపిస్తాయి. ఇక్కడ ఒక కుటుంబం సంగతి చెప్పాలి. ఇందాక చెప్పిన స్లెండర్ మేకర్ ఆఫ్ సిల్వర్ కొడుకు ఫ్రెడ్ పెష్లకై. ఫోర్ట్ వింగేట్ స్కూల్లో పిల్లలకి వెండి పని నేర్పాడు, తర్వాత లాస్ ఏంజెలెస్ వెళ్లి ఓల్వెరా స్ట్రీట్‌లో సొంత దుకాణం పెట్టుకున్నాడు. చూడండి, రిజర్వేషన్‌లో (తెగకి కేటాయించిన నేల) ట్రేడర్ కింద పనిచేస్తే పేరు అక్కర్లేదు, మహానగరంలో ఎవరికీ తెలియని వీధిలో నిలబడితే పేరే పెట్టుబడి. ఎఫ్, పి అక్షరాలూ బాణమూ ఉన్న ఆయన ముద్రకి ఇవాళ వేలంపాటల్లో ఉన్న విలువ చూస్తే కళ్లు తిరుగుతాయి. ఫోర్ట్ వింగేట్‌లో ఆయన దగ్గర నేర్చుకున్న కుర్రాళ్లలో కెన్నెత్ బిగే ఒకడు. ఆధునిక నవాహో నగలకి తండ్రి అని పిలిపించుకున్నాడు తర్వాత. స్కాట్స్‌డేల్‌లో వైట్ హోగన్ అనే దుకాణంలో ఏళ్ల తరబడి పనిచేశాడు, అక్కడి నగల వెనక చిన్న హోగన్ బొమ్మ (హోగన్ అంటే వాళ్ల సంప్రదాయపు ఇల్లు), దాంతో పాటు కె, బి. అదే దుకాణంలో బంధువు అలెన్ కీ ఎ, కె అని కొట్టేవాడు. దుకాణం గుర్తూ మనిషి గుర్తూ పక్కపక్కన రావడం, నా లెక్కలో నిజాయితీగా పెట్టిన ముద్ర అంటే అది. కెన్నెత్ కొడుకు హార్వీ బిగే వియత్నాం యుద్ధంలో నేవీ పైలట్, విమానాలు నడిపొచ్చి చివరికి మళ్లీ సుత్తి పట్టాడు. నాలుగు తరాల వరస ఇది, కానీ మధ్యలో ఒక ముడి రక్తసంబంధం కాదు, గురుశిష్యులు. కుటుంబ విద్య అనగానే తండ్రి నుంచి కొడుక్కి గీత గీసినట్టు వస్తుందని ఊహించుకుంటాం, వాస్తవంలో మేనమామలు, తోడల్లుళ్లు, అత్తలు, స్కూలు మేష్టర్లు అందరూ ఉంటారు అందులో. నవాహోల్లో క్లాన్ (మన గోత్రం లాంటిది) తల్లి నుంచి వస్తుంది. ఒకరికొకరు పరిచయం చేసుకునేటప్పుడు తల్లి క్లాన్, తండ్రి క్లాన్, ఆపైన ఇద్దరు తాతల క్లాన్లు చెప్పుకుంటారు. ప్రవర చెప్పుకునే ఇళ్లలో పుట్టినవాళ్లకి ఇది వింతేం కాదు.

పేర్ల దగ్గరే అసలు తలనొప్పి. బిగే, యాజీ, సోసీ, బెనాలీ, నెజ్... ఈ ఇంటిపేర్లు వేలమందికి ఉంటాయి. గవర్నమెంటు గుమాస్తాలు, స్కూలువాళ్లు పేర్లు నమోదు చేసుకునే రోజుల్లో 'అతని కొడుకు', 'చిన్నోడు', 'సన్నటివాడు' అని నవాహో భాషలో ఏది చెప్తే అది ఇంటిపేరుగా ఎక్కేసింది. ఫలితం ఏంటంటే ఇద్దరు యాజీలకి చుట్టరికం ఉండాలని రూలేం లేదు. ఇక ముద్రలో 'ఆర్.బి.' అని రెండక్షరాలే ఉంటే? రాబర్ట్ బిగేనా, రోజ్ బెనాలీనా, ఇంకెవరైనానా? నెట్‌లో ముద్రల పట్టికలు బోలెడున్నాయి, వాటిని చూసి "ఇది ఫలానా పెద్దాయన చేసింది" అని వెయ్యి డాలర్లు ఎక్కువ పెట్టి అమ్మేవాళ్లూ బోలెడుమంది. రెండక్షరాల ముద్ర పట్టికలో దొరికితే అది ఒక అనుమానానికి ఆధారం, అంతే. మీరు చూడాల్సింది ఆ పని ఆ మనిషి మిగతా పనితో కలుస్తోందా లేదా అని. (హోపీ అనే పక్క తెగ వాళ్ల దగ్గర ఈ తంటా కాస్త తక్కువ, వాళ్లు ఎక్కువగా తమ క్లాన్‌కి సంబంధించిన బొమ్మలు పెట్టుకుంటారు. కాకపోతే అక్కడ ఒకే క్లాన్ వాళ్ల బొమ్మలు ఒకదానికొకటి దగ్గరగా ఉండి ఇంకో రకం గందరగోళం.)

1970ల్లో అమెరికా అంతా ఈ నగల పిచ్చి పట్టింది, పత్రికల కవర్ల మీద, రాక్ గాయకుల మెడల్లో ఎక్కడ చూసినా టర్కాయిసే. సొంత ముద్ర కొట్టడం అందరికీ అలవాటైంది అప్పటి నుంచే. కొనేవాడు పేరు అడగడం మొదలుపెట్టాడు, దుకాణదారు పేరుంటేనే తీసుకుంటానన్నాడు. ఒక్కరి పేరే ముద్రగా వెళ్లడం అలవాటయ్యాక ఆ వెనకున్న ఇల్లు కనపడకుండా పోయింది.

విండో రాక్ వైపు ఒక కంసాలి ఇంటికి వెళ్తుంటాను, పేరు రాయను, ఆయన్ని అడగలేదు కాబట్టి. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులో పని. మా మేనమామ వాళ్లది కంసాలి పని కావడం వల్ల చిన్నప్పుడు వేసవి సెలవుల్లో దాగలి, పట్టకారు, ఆకురాయి, టంకం ఇవన్నీ చూస్తూ పెరిగాను, ఆ షెడ్డులో అడుగు పెట్టగానే నాకు ఏది ఎందుకో ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కొత్తగా అనిపించింది అచ్చుల డబ్బా. పెద్ద కాఫీ డబ్బాలో ఇసక పోసి అందులో ఉక్కు కడ్డీలు గుచ్చి పెట్టాడు, వంద దాకా ఉంటాయేమో, ఒక్కోదాని కొసన ఒక్కో ఆకారం: చంద్రవంక, సూర్యకిరణం, ఆకు, చుక్కల వరస, ఉత్త గీత. కొన్నవి కాదు. పాత ఆకురాళ్లు, ఉలులు, పనికిరాని ఇంజిన్ ముక్కలు, ఏ గట్టి ఉక్కు దొరికితే అది తీసుకుని, కాల్చి మెత్తబరిచి, కొస మీద ఆకారం రాకి, మళ్లీ ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి గట్టిపరుచుకున్నవి. ఒక్క అచ్చుకి ఒక పూట పడుతుందట. వెండి రేకు దాగలి మీద పెట్టి, అచ్చుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నిలబెట్టి, చిటికెన వేలు రేకుకి ఆనించి, ఒకటే దెబ్బ. ఒకటే. చెయ్యి వణికో అనుమానంతోనో రెండో దెబ్బ వేస్తే గీత పక్కన ఇంకో గీత పడుతుంది, దాన్ని చెరపడం ఉండదు. అలా వరసగా టక్, టక్, టక్ అని కొట్టుకుంటూ పోతుంటే ముందుగా గీసుకున్న కొలత గీతలేవీ లేకుండానే ఆ చంద్రవంకలు కడియం చుట్టూ తిరిగొచ్చి మొదటిదాని పక్కన సరిగ్గా కూర్చున్నాయి.

ఆ డబ్బాలో ఒక చంద్రవంక అచ్చు ఆయన తాతది. కుడి కొస మీద చిన్న నొక్కు, ఎప్పుడో గట్టి చోట తగిలి పెచ్చు ఊడింది. దాన్ని సరిచెయ్యలేదు. లోపల్నుంచి వాళ్లమ్మ వడ్డాణం తెప్పించి (వెండి బిళ్లలు తోలు పట్టీకి గుచ్చిన కాంచో బెల్టు, మగవాళ్లూ కట్టుకుంటారు) ఒక బిళ్ల అంచు చూపించాడు. తాత చేసింది, వెనక ఏ పేరూ లేదు. భూతద్దం పెడితే ప్రతి చంద్రవంకకీ కుడి కొసన అదే నొక్కు. ఈయన నిన్న పూర్తి చేసిన ఉంగరం మీదా అదే. ముద్ర లేని పాత నగలు ఎవరివో తేల్చడానికి పరిశోధకులు చేసేదీ ఇదే, పేరున్న నగ మీది అచ్చు గుర్తుల్ని పేరులేని నగ మీది గుర్తులతో పోల్చడం. ఫ్రెడ్ పెష్లకై లాంటివాళ్ల ముద్రలేని పనిని అలా పట్టుకుంటారు. నేను పేరు ముద్ర కంటే దీన్నే ఎక్కువ నమ్ముతాను. అయితే అచ్చులు చేతులు మారతాయి కూడా, తమ్ముడికి అరువిస్తారు, అల్లుడికి పంచుతారు, మనిషి పోయాక అమ్మేస్తారు. అచ్చు చెప్పేది ఇల్లు, మరీ అదృష్టం ఉంటే మనిషి.

అక్కడే ఒక హారం చూసి "ఇది మీరే చేశారా" అని అడిగాను. ఆయన పెదాలు ముందుకి పెట్టి వాళ్లావిడ వైపు చూపించాడు. వేలు పెట్టి చూపించడం వాళ్లలో మర్యాద కాదు. రాళ్లు కోసి నున్న చేసేది ఆవిడ, రాయి చుట్టూ వెండి గూడు కట్టేది ఆవిడ, టంకం పెద్ద కూతురు వేస్తుంది, మెరుగు పెట్టడం స్కూలు లేని రోజుల్లో కొడుకు పని. ముద్ర ఆయనది. ఇందులో ఎవరికీ ఏ ఫిర్యాదూ ఉన్నట్టు కనిపించలేదు, నాకే లోపల ఏదో గుచ్చుకుంది. కూతుళ్లు సొంత ముద్రతో బయటికి రావడం ఇప్పుడు పెరిగింది, తండ్రి థామస్ కర్టిస్ దగ్గర నేర్చుకుని మందపాటి వెండి మీద లోతైన అచ్చు పనికి తనకంటూ పేరు తెచ్చుకున్న జెన్నిఫర్ కర్టిస్ అలాంటి మనిషి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి ఒకే ఇంటి పేరుతో లోకానికి కనిపించింది మాత్రం గ్యాలప్ ఊరి యాజీ కుటుంబం. లీ యాజీ, రేమండ్ యాజీ, వాళ్ల తోబుట్టువుల నగలతో న్యూయార్క్‌లోని అమెరికన్ ఇండియన్ మ్యూజియం 2014లో ప్రదర్శన పెట్టింది. లీ చేసిన మొక్కజొన్న కడియం ఫొటో వెతికి చూడండి, ఒక్కో గింజా విడిగా కోసిన టర్కాయిస్, కంకి మీద ఎలా ఉంటాయో అలాగే.

ఇక నకిలీలు. వాట్సాప్‌లో అడిగేవాళ్లకి కావాల్సింది ఇదే కాబట్టి కొంచెం ఓపికగా చదవండి.

చవక నకలు ఎలా చేస్తారంటే, నిజంగా చేత్తో చేసిన ఒక మంచి నగ కొని, దానికి రబ్బరు మూస తీసి, మైనం పోసి, వందలకొద్దీ వెండి పోత పోస్తారు. ఆ మూసలో నగతో పాటు వెనకున్న సంతకం కూడా వచ్చేస్తుంది. అందుకే 'స్టాంప్ ఉంది కదా' అంటే నేను నీళ్లు నములుతాను. కానీ పోతలో పదును పోతుంది. పది రెట్లు చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, పెద్ద ఖరీదేం కాదు. ఉక్కు అచ్చుతో కొట్టిన గీత అంచు కత్తిలా ఉంటుంది, లోహం పక్కకి జరిగి సన్నటి గట్టు లేస్తుంది. పోతలో వచ్చిన గీత అంచు కరిగిన సబ్బులా గుండ్రంగా ఉంటుంది, గుంట అడుగున సన్న చుక్కలుంటాయి. ముందు సంతకాన్నే అలా చూడండి. తర్వాత అచ్చు పనిని చూడండి, ఒకే అచ్చు పదిసార్లు కొడితే పదిసార్లూ లోతు ఒకేలా రాదు, మనిషి చెయ్యి అది. రేకు మరీ మందం కాకపోతే ముందు వైపు కొట్టిన దెబ్బల నీడ వెనక వైపు కనిపిస్తుంది.

ఒక్క జాగ్రత్త. పోత అంటేనే నకిలీ అనేసుకోకండి. నవాహోల్లో టూఫా పోత అని గొప్ప పద్ధతి ఉంది. టూఫా అంటే అగ్నిపర్వతపు బూడిద గట్టిపడిన మెత్తటి రాయి. దాన్ని రెండు పలకలుగా కోసి, ఒకదాంట్లో డిజైన్ కత్తితో తవ్వి, గాలి పోవడానికి సన్నటి దారులు పెట్టి, మంట పొగతో మసి పట్టించి, రెండూ కట్టి పైనుంచి కరిగిన వెండి పోస్తారు. రాయి గరుకు నగ మీదికి వస్తుంది, చాలామంది ఆ గరుకుని కావాలనే వదిలేస్తారు. కొన్ని పోతలకే మూస పగిలిపోతుంది, కొన్నిసార్లు మొదటిదానికే. అది వేరు, రబ్బరు మూసలో వందల్లో పోసేది వేరు.

చట్టం గట్టిదే. 1990 చట్టం ప్రకారం నేటివ్ వాళ్లు చెయ్యనిదాన్ని చేశారని చెప్పి అమ్మితే మొదటిసారికే రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా, ఐదేళ్ల దాకా జైలు. బయటి దేశంలో చేసిన ఇలాంటి నగల మీద ఆ దేశం పేరు చెరగకుండా చెక్కాలని కస్టమ్స్ రూలు కూడా ఉంది. జరిగేది ఏంటంటే స్టిక్కర్ అంటించి ఓడ దింపుతారు, దుకాణానికి వచ్చాక గోటితో గీకేస్తారు. 2015లో న్యూ మెక్సికో దుకాణాల మీద ఫెడరల్ దాడులు జరిగాయి, సరుకు ఫిలిప్పీన్స్‌లో తయారవుతోందని తేలింది, 2018లో అల్బుకర్కీలో ఒక వ్యాపారికి ఆరు నెలల జైలు పడింది. ఆ సరుకు మార్కెట్లో ధర పడగొట్టింది నవాహో, జూనీ ఇళ్లల్లో షెడ్డు పని చేసుకునేవాళ్లకే. మీరు దుకాణంలో 'ఇండియన్ స్టైల్', 'నేటివ్ ఇన్‌స్పైర్డ్' అన్న మాటలు చూస్తే అది చట్టానికి దొరకని మాట, నవాహో చేతిపని కాదని వాళ్లే చెప్పేశారు. రసీదు మీద చేసినవాళ్ల పేరు, తెగ పేరు, రాయి సహజమైనదా జిగురు పట్టించి గట్టిపరిచిందా అనేది రాసివ్వమనండి. నిజంగా తెలిసి అమ్మేవాడు నసగడు. 'స్లీపింగ్ బ్యూటీ రాయండీ' అని ఊరికే ఊదరగొడితే గుర్తుంచుకోండి, ఆ పేరున్న గనిలో టర్కాయిస్ తవ్వకం 2012లోనే ఆగిపోయింది, పాత నిల్వ ఉంటుంది గానీ ఆ ధరకి దొరకదు.

అన్నిటికంటే సుఖం చేసినవాళ్ల దగ్గరే కొనడం. శాంటా ఫేలో ప్యాలెస్ ఆఫ్ ద గవర్నర్స్ అనే పాత భవనం వసారాలో నేల మీద దుప్పట్లు పరుచుకుని కూర్చుంటారు. సొంతంగా చేసినదో, తమ ఇంట్లోవాళ్లు చేసినదో మాత్రమే అమ్మాలి, ప్రతి నగ మీదా ముద్ర ఉండాలి, దాన్ని మ్యూజియం వాళ్లే చూసుకుంటారు. ఇంటిని కూడా లెక్కలోకి తీసుకున్న రూలు నాకు తెలిసి ఇదొక్కటే. మా అత్తయ్య తెనాలి నుంచి వచ్చినప్పుడు అక్కడికి తీసుకెళ్లాం. ఆవిడ ఒక కడియం తీసి అరచేతిలో రెండుసార్లు ఎగరేసి "ఏం బాబూ, ఇది ఎన్ని తులాలుంటుంది? మజూరీ ఎంత వేశారో కనుక్కోండి" అంది. నేను మొహమాటపడుతూనే అడిగాను. ఎదురుగా ఉన్న పెద్దావిడ బరువు తూచలేదంది, వెండి వంతు అందులో చాలా తక్కువ, మిగతాదంతా పనే అంది. "అదేంటి, తూకం లేకుండా వెండి అమ్ముతారా" అని అత్తయ్య కాసేపు నమ్మలేదు, తర్వాత ఆ కడియం వెనక ముద్ర, ఆవిడ ఎదుట పరిచిన మిగతా నగల ముద్రలు వరసగా తిరగేసి పోల్చుకుంటూ కూర్చుంది, నేను ఏం నేర్పకుండానే. రెండు రకాల ముద్రలున్నాయని ఆవిడే పట్టుకుంది. ఒకటి పెద్దావిడది, రెండోది కోడలిదట. కోడలి ముద్ర ఉన్న లోలాకులు కొన్నాం.

వెళ్లేవాళ్లు పొద్దున్నే వెళ్లండి, ఆగస్టులో ఇండియన్ మార్కెట్ రోజుల్లో అయితే ఊళ్లో హోటల్ గది దొరకడం కష్టం. అడక్కుండా ఫొటోలు తియ్యకండి. బేరం మన కోఠి లెవెల్లో ఆడకండి, ఒకసారి మర్యాదగా అడిగి వాళ్లు కాదంటే వదిలెయ్యండి. ఎక్కడైనా నకిలీ నగ అసలుదని అంటగట్టినట్టు గట్టి అనుమానం ఉంటే ఇండియన్ ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్ బోర్డుకి ఫిర్యాదు చెయ్యొచ్చు, రసీదూ ఫొటోలూ జాగ్రత్త పెట్టుకోండి.